అత్త కత్తెర మొన

నాకు కుదురు తక్కువ. చేతికి ఏది దొరికినా ఆడిస్తూనే ఉంటాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్త బట్ట కోసే కత్తెర తీసి గాలిలో టకటకలాడించాను. వంటింట్లోంచి ఆమె కేక వేసింది.

"ఉత్తి కత్తెర ఆడించకే అమ్మీ! ఇంట్లో తగువులౌతాయి."

ఆ తరవాత ఇరవై ఏళ్లు నేను ఆ కత్తెర ముట్టలేదు. ఆమె ముట్టనివ్వలేదు అంటే ఇంకా నిజం.

అనకాపల్లిలో మా ఇంటి ముందు గదే మా కొట్టు. మగ్గం పని నాది, కోత ఆమెది. జాకెట్టు గుడ్డను చట్రానికి బిగించి జరీ, పూసలు నేను కుడతాను. పని పూర్తయిన గుడ్డను కొలతలకు ఆమె కోస్తుంది. దారాలు తెంపే చిన్న కత్తెర నాది, నల్లటి పిడి ఉన్న బరువైన పెద్ద కత్తెర ఆమెది. దాని మీద నాకు ఎప్పటినుంచో కన్ను. సొంతానికి మూడు కొన్నాను, మూడూ మెరుపే తప్ప పనికి రాలేదు. పట్టు రెండు మడతలు వేసి కోయబోతే మధ్యలో జారిపోయేవి. "కొనేముందు తడి గుడ్డ మీద కోసి సూడాల. తడి గుడ్డ తెగితే ఏదైనా తెగుతాది," అని ఆమె ప్రతిసారీ చెప్పేది. షాపులో తడి గుడ్డ అడగడానికి నాకు ఓపిక ఎక్కడిది!

కిందటేడు ఆమెకు కంట్లో శుక్లం తీయించడానికి మా ఆయన విశాఖ తీసుకెళ్లాడు. రెండు రోజులు కత్తెర నా చేతికి చిక్కింది. వెంటనే ఒక పాత లంగా గుడ్డ మీద వేసి చూశాను. మొదలంతా బాగానే తెగింది గానీ, మొన దగ్గర అంగుళం మేర గుడ్డను నమిలి వదిలేసింది. నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఇంత మొద్దు కత్తెరనా దాచుకుంది? సంచిలో వేసుకుని బజారుకు పోయాను.

సాన పట్టే మనిషి సైకిల్‌కే రాయి బిగించుకుని, పెడల్ తొక్కుతూ పని చేస్తాడు. కత్తెర విప్పి, రెండు మొనలూ వేలితో తడిమి నా వైపు చూశాడు.

"ఇది వాడకంతో అరిగింది కాదమ్మా. ఎవరో కావాలనే అరగదీసేరు. అలాగే ఉంచీమంటావా, పదును పెట్టీమంటావా?"

"పెట్టీండి," అన్నాను. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది.

అత్త తిరిగొచ్చాక ఈ సంగతి చెప్పలేదు. కత్తెర ఎక్కడిది అక్కడే పెట్టేశాను. మూడు వారాలకు డాక్టరు పని చేసుకోమన్నాడు. చీడికాడ వైపు నుంచి వచ్చిన ఒక చెరకు రైతు కూతురి పెళ్లి జాకెట్టు చట్రం మీద సిద్ధంగా ఉంది. వీపు మీద నీటిచుక్క ఆకారంలో కోయాల్సిన కిటికీ, దాని చుట్టూ పదిహేను రోజుల నా జరీ. చుక్క చివర సన్నగా ఉంటుంది కదా, కోత సరిగ్గా అక్కడ ఆగాలి. అత్త కొత్త కళ్లద్దాలు సర్దుకుని, ఎప్పటిలాగే ధీమాగా ఒక్క ఊపున కోసింది. కత్తెర ఆగలేదు. జరీలోకి అర అంగుళం దిగిపోయింది.

ఆమె నన్ను తిట్టలేదు, గుడ్డనూ తిట్టలేదు. తన చెయ్యి తిప్పి చూసుకుంది.

"సూపు బాగానే ఉంది. సెయ్యే పోనాది," అంది. కత్తెర తెచ్చి నా చట్రం మీద పెట్టింది. "ఇంక నీదే."

సాన సంగతి అప్పుడూ దాచేశాను. తెగిన చోట కొత్తగా ఒక పువ్వు కుట్టి కప్పేశాను, పెళ్లివాళ్లకు తెలియనే లేదు. కానీ కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. సూది పట్టుకుంటే గుచ్చుకునేది, పాలు పొయ్యి మీద పెడితే పొంగిపోయేవి. అత్త గుమ్మంలో కూర్చుని వచ్చేపోయే ఆటోలు చూస్తూ, గంటకోసారి టైమెంతైందని అడిగేది. ఇన్నేళ్లు కోరుకున్న కత్తెర నా పక్కనే ఉంది. దాన్ని చూస్తే సిగ్గేసేది.

నాలుగో రోజు ఒకావిడ పట్టుగుడ్డ పట్టుకుని వచ్చింది. మా అత్త చెయ్యి మంచిదని, పెళ్లి గుడ్డ ఆమె చేతే కోయించాలని వచ్చే వాళ్లలో ఆవిడ ఒకరు. అత్త తల అడ్డంగా ఊపింది.

"కోడలు కోత్తాది. నా సెయ్యి ఇంక మంచిది కాదమ్మా."

ఇక ఉండలేకపోయాను. "అత్తా, నీ చేతి తప్పు కాదు. నువ్వు విశాఖలో ఉన్నప్పుడు కత్తెర సాన పట్టించాను. మొన కూడా," అని ఆవిడ ముందే అనేశాను.

అత్త లేచి నిలబడింది. వీధంతా వినబడేలా అరిచింది.

"నాకు సెప్పకుండా పట్టించేవా? ఆ మొన నేనే అరగదీసుకున్నానే! నా సెయ్యి సివర్న ఆగదు. పెళ్లినాటి నుంచీ ఆగదు. నీకంటే కుదురు తక్కువ నాకు! అందుకే కత్తెరే ఆగేలా సేసుకున్నాను. నాలుగు రోజుల్నించీ నా బతుకు అయిపోనాదనుకుంటన్నాను, సూత్తా కూకున్నావేటే?"

ఆమె చట్రం మీది కత్తెర లాక్కుని, బయట రాతి మెట్టు మీద కూర్చుని, మొన రాయికేసి రుద్దడం మొదలుపెట్టింది. నలభై రూపాయలిచ్చి పెట్టించిన పదును ఆ గరగర చప్పుడులో పోతూ ఉంటే, నాలుగు రోజుల తరవాత మొదటిసారి నేను ఒకచోట కూర్చోగలిగాను. రుద్దడం అయ్యాక లోపలికి వచ్చి, ఆ వచ్చినావిడ పట్టుగుడ్డ పరిచి, సుద్దతో గీసి, ఒక్క ఊపున కోసింది. కత్తెర గీత దగ్గర ఆగింది. ఆమె తన చేతికేసి చూసుకోనైనా లేదు.

వారం పాటు కత్తెరను తలగడ కింద పెట్టుకునే పడుకుంది.

ఎనిమిదో రోజు బజారుకు వెళ్లి కొత్త కత్తెర కొన్నాను. ఈసారి చేతిరుమాలు తడిపి తీసుకెళ్లి, షాపువాడు విసుక్కుంటున్నా కోసి చూసే తీసుకున్నాను. ఇంటికొచ్చి తిన్నగా రాతి మెట్టు మీద కూర్చున్నాను. అత్త గుమ్మంలోంచి చూస్తోంది.

"ఎంత మేర అరగదియ్యాలి అత్తా?" అన్నాను.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. కత్తెర మొన మీద బొటనవేలు ఆనించి, మొదటి కణుపు దాకా కొలిచి చూపించింది.