చెల్లాయి పగ

చెల్లాయికి కోపం వచ్చిందని ఇంట్లో ఎవరికీ వెంటనే తెలిసేది కాదు. అరవదు, అలగదు, అన్నం మీద చూపించదు. కళ్ళు కాస్త సన్నబడతాయి, అంతే. "దానిది పాము పగరా, జాగ్రత్త" అని తల్లి పెద్దకొడుకును చిన్నప్పుడే హెచ్చరించింది. అతను చెవిన పెట్టలేదు.

ఆమె పలక పట్టే వయసులో ఇంట్లోకి వీడియో గేమ్ పెట్టె వచ్చింది. అన్న అప్పటికే మీసాలు ఎప్పుడొస్తాయా అని అద్దం చూసుకునే వయసువాడు. రెండు కంట్రోలర్లలో ఒకటి తను పట్టుకుని, రెండోది చెల్లెలి చేతిలో పెట్టేవాడు. తెర మీద కార్లు పరిగెడుతుంటే ఆ పిల్ల నాలుక బయటపెట్టి, భుజాలు ఊపుతూ బటన్లు నొక్కేది. ఎర్రకారు తనదే అనుకునేది. సెలవులన్నీ అలా గడిచాక ఒకరోజు టీవీ బల్ల వెనక ఊడుస్తుంటే తన కంట్రోలర్ తీగ కనిపించింది. దేనికీ తగిలించి లేదు. చుట్టచుట్టి గోడవారగా పడేసి ఉంది. అన్న స్నేహితులందరికీ ఈ సంగతి ముందే తెలుసు. వాళ్ళు వచ్చి కూర్చునేది ఆట కోసం కాదు, ఆ పిల్ల ఊగిపోవడం చూసి నవ్వుకోవడానికి.

ఆమె తల్లికి చెప్పలేదు. తీగను ఎలా ఉన్నదాన్ని అలా వదిలేసి, అన్న ట్యూషన్‌కు వెళ్ళిన సాయంత్రాలన్నీ అతని కంట్రోలర్‌తో ఒంటరిగా ఆ పందెం నేర్చుకుంది. మలుపులన్నీ చేతివేళ్ళకు వచ్చేశాయి. అప్పుడు అదే స్నేహితుల ముందు "అన్నయ్యా, నా తీగ ఊడిపోయినట్టుంది, తగిలించవూ" అని అడిగి, వరసగా ఓడించింది. అన్న చెవులు ఎర్రబడ్డాయి. గదంతా అతన్ని చూసి నవ్వింది. ఆ రుచి ఆమె నాలుక మీద ఉండిపోయింది.

పెద్దయ్యాక ఆమె కట్టుడు పళ్ళు తయారుచేసే పనిలో కుదిరింది. దంత వైద్యులు పంపిన ప్లాస్టర్ అచ్చుల మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పన్ను పక్కన పన్ను పేర్చి, సానపట్టే చిన్న మరతో అరగదీసి సెట్లు చేస్తుంది. రోజంతా నోరు లేని దవడలతో పని. "నీకు సరిపడ్డ ఉద్యోగమే దొరికింది, ఎవరూ ఎదురు మాట్లాడరు" అని అన్న ఎగతాళి చేసేవాడు. ఇంటికి వచ్చాక ఆమె ఆడే వీడియో గేములు కూడా అలాంటివే. కత్తులు దూసి మీదపడేవి ఆమెకు నచ్చవు. కోట పైకప్పు మీద బోర్లా పడుకుని, ఏ కాపలావాడు ఎప్పుడు ఎటు తిరుగుతాడో ఓపిగ్గా చూసి, వాడి కళ్ళు పడని సందులోంచి జారిపోయే ఆటలు ఆమెకు ప్రాణం.

అన్న ఇన్సూరెన్సు కంపెనీలో ఆఫీసరు. అతనికి వీడియో గేములు మొహం మొత్తి, బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట పట్టుకుంది. ఆ ఆటలో ఒకరు సూత్రధారి. ఊరు, అడవి, రాజు, శత్రువు అన్నీ అతని నోటినుంచే పుడతాయి. మిగతావాళ్ళు తలా ఒక వేషం కట్టి "నేనిలా చేస్తాను" అని చెబుతారు. చేసింది ఫలించిందో లేదో ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు ఫోటో స్టూడియో పై గదిలో చేరేవారు. స్టూడియో యజమాని, ఒక లెక్కల టీచరు, వదిన తమ్ముడు, చెల్లాయి ఆటగాళ్ళు. సూత్రధారి, చెప్పాలా, అన్నే. ఆమెను అందరూ చెల్లాయి అనే పిలిచేవారు. ఆమెకంటే చిన్నవాడైన వదిన తమ్ముడు కూడా, వరసకు వదిన అవుతుందన్న సంగతి పక్కనబెట్టి, చెల్లాయ్ అనేవాడు.

చెల్లాయి వేషం పేరు తెడ్డమ్మ. రాజు సుంకాలు ఎగ్గొట్టి ఏరు దాటించే పడవదొంగ. ఏళ్ళ తరబడి ఆ వేషంలో ఉండి ఉండి, నవ్వినా తిట్టినా తెడ్డమ్మ గొంతు ఆమె గొంతులో కలిసిపోయింది. పని దగ్గర మిగిలిన గులాబీరంగు చిగుళ్ళ పదార్థంతో బొటనవేలంత బొమ్మ చేసింది. తెడ్డు, నడుముకు చుట్టిన తాడు, మోకాళ్ళ పైకి దోపిన చీర, అన్నీ సూదిమొనతో చెక్కింది. ఆట ఆడేటప్పుడు ఆ బొమ్మ బల్ల మీద నిలబడేది.

తల్లికి మోకాలి ఆపరేషన్ జరిగింది ఒక ఆదివారం. చెల్లాయి ఆసుపత్రి వరండాలోంచి అన్నకు ఫోన్ చేసింది.

"లోపలికి తీసుకెళ్ళారు. వస్తున్నావా?"

"నువ్వున్నావుగా. ఇద్దరం అక్కడ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవడం ఎందుకు? ఇక్కడ అందరూ వచ్చేశారు."

"అమ్మ నిన్ను అడిగింది."

"సాయంత్రం మాట్లాడతాలే" అని పెట్టేశాడు. ఆ సాయంత్రం రాలేదు.

మరుసటి ఆదివారం ఆమె పైగదికి వెళ్ళేసరికి తెడ్డమ్మ లేదు. క్రితం వారం పడవ మీంచి సుడిలో పడి చచ్చిపోయిందట. ఒక్క పాచికైనా వేయలేదు. "నువ్వు రాలేదు, కథ ఆగదు కదా" అన్నాడు అన్న కాగితాలు సర్దుకుంటూ. తెడ్డమ్మ పడవ, దాచిన సొత్తు, ఏటి దారుల రహస్యాలు అన్నీ వదిన తమ్ముడి వేషానికి దక్కాయి. బొమ్మ కూడా. అతను దానికి నల్లరంగుతో మెలితిరిగిన మీసాలు పెట్టాడు.

"బాగుంది కదా చెల్లాయ్? నా వేషానికి అచ్చంగా సరిపోయింది" అన్నాడు వేలి మీద నిలబెట్టి.

చెల్లాయి బొమ్మ వంక చూసింది. ఆ కళ్ళు చెక్కడానికి ఆమె రెండు సూదులు విరగ్గొట్టుకుంది. "బాగుంది" అంది. "నాకు కొత్త వేషం కావాలి. ఏదైనా చిన్నది. రాజుగారి వంటింట్లో అంట్లు తోమే అవ్వనైనా ఫరవాలేదు."

అన్న పకపకా నవ్వాడు. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది. సరే, తోముకో."

ఆ బల్ల మీద అన్న ప్రాణమంతా ఒక నగరంలో ఉంది. కాలేజీ రోజుల నుంచి కట్టుకుంటూ వచ్చిన నగరం. చుట్టూ కొండలు, నడుమ గిన్నెలాంటి లోయ, లోయలో పాలరాతి మేడలు, పైన కొండ మీద పెద్ద చెరువు. గోడంత పటం గీసి రంగులు వేసుకున్నాడు. అక్కడి రాజు పాత్ర తనే పలికేవాడు. ఆ రాజు ఎప్పుడూ ఓడడు, ఎవరికీ క్షమాపణ చెప్పడు. ఎవరి వేషమైనా కాస్త తలెత్తితే రాజు వచ్చి నాలుగు మాటలు అని అణిచేస్తాడు. ఆ నాలుగు మాటలు అన్న ఇంట్లో వదినతో అనేవే.

నోట్లో వేలుపెడితే కొరకలేని అవ్వలా చెల్లాయి వంటింట్లో కూర్చుంది. మిగతావాళ్ళు రాక్షసుల మీదికి యుద్ధాలకు పోతుంటే అవ్వ గిన్నెలు తోమేది. మధ్య మధ్య ఓ అమాయకపు ప్రశ్న వేసేది.

"నాయనా, ఈ అంట్ల నీళ్ళు ఎటు పోతాయి?"

నగరం గురించి అడిగితే అన్నకు ఒళ్ళు తెలియదు. కాలవలు చెప్పాడు. కాలవలకు నీళ్ళెక్కడివి అంటే చెరువు తూము చెప్పాడు. తూముకు ఇనపగొలుసుతో బిగించిన తలుపు ఉందనీ, రాజుగారి స్నానాల గది వెనకనుంచి అక్కడికి దొంగదారి ఉందనీ, ఆ దారిని తను ఎంత తెలివిగా కల్పించాడో కూడా చెప్పాడు. ఇంటి గుట్టు లంకకు చేటని అతనికి ఎవరు చెబుతారు?

ఆ తర్వాత ప్రతి ఆదివారం తన వంతు రాగానే చెల్లాయి ఒకే మాట అనేది. "అవ్వ మిగిలిన ఉప్పునీళ్ళు మోసుకెళ్ళి తూము గొలుసు మీద పోస్తోంది."

"పొయ్యి తల్లీ, పొయ్యి. ఎవడొద్దన్నాడు?" అనేవాడు అన్న. అందరూ నవ్వేవారు. స్టూడియో యజమాని ఆమెకు ఉప్పవ్వ అని పేరు పెట్టాడు. చెల్లాయి కూడా నవ్వేది. ఇంటికి వెళ్ళి ముఖం కడుక్కుంటూ అద్దంలో ఆ నవ్వు తుడిచేసుకునేది. పని దగ్గర ఎవరిదో దవడ అరగదీస్తూ, గొలుసు కడియాల్లో ఏది ఎంత తుప్పు పట్టి ఉంటుందో ఊహించుకునేది. అంత సుఖం ఆమెకు సినిమాల్లో దొరకలేదు, తిండిలో దొరకలేదు.

ఇంకో పని కూడా చాప కింద నీరులా చేసింది. అవ్వను సందు సందూ తిప్పి, లోయలో విషజ్వరం రాబోతోందని పుకారు పుట్టించింది. ముసలిదాని చాదస్తం కదా అని అన్న పాచిక వేయించేవాడు, పడితే ఒప్పుకునేవాడు. ఒక వాడ తర్వాత ఒక వాడ జనం మూటలు కట్టుకుని కొండ ఎక్కారు. పేదల సందులు ఖాళీ అయితే రాజుకేం పట్టింది?

అనుకున్న ఆదివారం వచ్చింది. రాజు గెలుపు పండుగ చేసుకుంటున్నాడని అన్న వర్ణిస్తున్నాడు. వదిన తమ్ముడి మీసాల బొమ్మ రాజు పక్కన ఆసనం మీద ఉంది. అవ్వ వంతు వచ్చింది.

"అవ్వ స్నానాల గది వెనక దారిలో తూము దగ్గరికి వెళ్ళి, గొలుసును రోకలితో కొడుతోంది" అంది చెల్లాయి.

అన్న నవ్వబోయి ఆగాడు. పటం వంక చూశాడు. చెరువు వంక చూశాడు. అతని వేలు దానంతటదే కాలవల వెంబడి కిందికి జారి మేడల దగ్గర ఆగింది.

"ఇరవై పడాలి. ఇరవై పడితేనే తెగుతుంది" అన్నాడు.

లెక్కల టీచరు కళ్ళజోడు తీసింది. "అదెలా? ఇన్ని నెలలు ఉప్పునీళ్ళు పోయించారు. మీరే పొయ్యి పొయ్యి అన్నారు. ఇనుము తుప్పు పట్టదా?"

"అది తమాషాకి అన్నాను."

"ఆటలో చెప్పింది చెప్పినట్టే అని మా అందరికీ నేర్పింది మీరే. అయిదు పడితే చాలు."

అన్న స్టూడియో యజమానికేసి చూస్తే అతను తల దించుకుని "అయిదు న్యాయం" అన్నాడు. చెల్లాయి పాచిక వేసింది. పదకొండు.

అందరూ సూత్రధారి నోటివంక చూశారు. నగరం ఎలా మునిగిందో అతనే చెప్పాలి మరి. చెప్పలేకపోయాడు. "నీళ్ళు... వచ్చాయి" అని ఆగిపోయాడు. మిగతాది చెల్లాయి చెప్పింది. తొందరపడలేదు. మొదట వంటిల్లు, తర్వాత గుర్రపుశాల, తర్వాత పాలరాతి మెట్లు. ఏ మేడలో ఏముందో అతను చెప్పినవన్నీ ఆమెకు గుర్తే. ఒక్కొక్కటీ పేరుపెట్టి ముంచింది. చివర్లో చెయ్యి చాచి మీసాల బొమ్మను బల్ల మీద పడుకోబెట్టింది.

"మరి జనం?" అంది టీచరు మెల్లగా.

"జనం కొండ మీదున్నారు. వాళ్ళ మీద నాకేం కోపం?"

అన్న పటం చుట్టడం కూడా మరిచి లేచి వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఆగి, వెనకే వచ్చిన చెల్లెలితో అన్నాడు. "ఇరవై ఏళ్ళు కట్టుకున్నదే అది. ఒక బొమ్మ కోసమా?"

"బొమ్మ కోసం అనుకుంటున్నావా?" అంది ఆమె. "లోపలికి తీసుకెళ్ళేటప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకుని 'వాడేడే?' అంది. ట్రాఫిక్‌లో ఉన్నాడమ్మా అన్నాను. నీకోసం నేను అబద్ధం ఆడుతున్న వేళకి నువ్విక్కడ నన్ను ముంచుతున్నావు."

అన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూస్తే జాలేస్తుందేమోనని ఆమె కాసేపు నిలబడి చూసింది. వేయలేదు. పైకి వెళ్ళిపోయింది.

తర్వాతి వారం సూత్రధారి కుర్చీ ఖాళీగా ఉంది. టీచరు దాన్ని చెల్లాయి వైపు జరిపింది. కొండ ఎక్కిన జనం ఏం చేశారు అన్నది కొత్త కథ. వదిన తమ్ముడు బొమ్మ మీసాలు గీకేసి తెచ్చి, "క్షమించు వదినా" అని ఆమె ముందు పెట్టాడు. గీకుడుకు పైపెదవి సగం పోయింది. ఆమె తీసుకుంది కానీ ఫరవాలేదు అనలేదు.

ఇంట్లో వదిన "ఏం చేశావే మీ అన్నని, ఆదివారం పూట గిన్నెలు కడుగుతున్నాడు" అని నవ్వింది. తల్లి మాత్రం అన్నాచెల్లెళ్ళ మధ్య ఉప్పూ నిప్పూ ఏమిటని గొడవపెట్టింది. కొడుకు ఇప్పుడు దగ్గరుండి మోకాలి వ్యాయామం చేయిస్తుంటే, ఆవిడ అప్పుడే పాతవన్నీ మాఫీ చేసేసింది. చెల్లాయి చేయలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అన్న తడిసిన చెప్పులతో పైగది గుమ్మంలో నిలబడ్డాడు. ఎవరూ ఆట ఆపలేదు. ఆ పూట ఆట ముగిసేదాకా అలాగే నిలబడి, "రాజు బతికున్నాడా?" అని అడిగాడు.

"ఉన్నాడు" అంది చెల్లాయి పాచికలు డబ్బాలో వేస్తూ. "కొట్టుకుపోయి రేవులో తేలాడు. చేపలు శుభ్రం చేస్తున్నాడు."

"ఆ వేషం నాకిస్తావా?"

"ఇస్తాను. కాకపోతే రాజునని చెప్పుకున్నా ఎవరూ నమ్మరు."

"సరే" అన్నాడు.

ఇప్పుడతను ప్రతి ఆదివారం బల్ల చివర, తలుపు గాలి తగిలే కుర్చీలో కూర్చుంటాడు. తన వంతు వచ్చినప్పుడు "చేపలు తోముతున్నాను" అంటాడు. అప్పుడప్పుడు, రేవు దాటి కొండ మీదికి పోవచ్చా అని అడుగుతాడు. చెల్లాయి పాచిక వేయమంటుంది. అతను వేస్తాడు. ఎంత పడినా సరే ఆమె కాసేపు ఆలోచించి, "ఇంకా బుట్టెడు మిగిలాయి" అంటుంది.