రొయ్యలకి గాలి

మబ్బు పట్టి ఒకటే ఉక్క. ఇంతలో కరెంటు పోయింది. కొల్లేరు పక్కన మా చెరువుగట్టు మీద జనరేటరు వేసి, రొయ్యలకి గాలాడేలా ఏరేటర్లు తిప్పాను. ఆ డీజిలు వాసనకి నానమ్మ గుర్తొచ్చింది. అంచుకి ఎర్రగుడ్డ కుట్టిన తాటాకు విసనకర్ర మీ ఇళ్ళలోనూ ఉండేది కదూ?

నా చిన్నప్పుడు ఇలాంటి మధ్యాహ్నమే, మంచంలో ఆయాసపడుతూ నానమ్మ "ఒక్క ఏరేటరు ఆపి నాకు ఫానెయ్యరా" అంది.

"రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయమ్మా" అని నాన్నగారు విసనకర్ర ఇచ్చి వెళ్ళారు.

సాయంత్రానికి ఒక్క రొయ్య కూడా చావలేదు. నానమ్మ పోయింది.

ఇప్పుడు చెరువు నాది. ఇందాక నాన్నగారు "ఆయాసంగా ఉందే అమ్మాయీ, కాస్త ఫానెయ్యవా" అన్నారు.

"రొయ్యలు ఊపిరాడక చచ్చిపోతాయండీ" అని మెల్లగా చెప్పి, అదే విసనకర్ర చేతికిచ్చాను.

ఆయన విసురుకోలేదు. పట్టుకుని కూర్చున్నారు.