నాలుగో బల్ల మీది ఆరు వోల్టులు

తొంభైల చివర్లో, రాజమండ్రి దగ్గర ఒక పాలిటెక్నిక్‌లో నేను ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసేవాణ్ణి. సీనియర్ల రికార్డు పుస్తకం సంపాదించి అందులోని కొలతలను యథాతథంగా ఎత్తి రాసుకోవడం అక్కడి విద్యార్థుల ఆచారం. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ ప్రయోగంలో కలెక్టర్ దగ్గర ఆరు వోల్టులు రావాలని, మీటరు ముట్టకుండానే అందరికీ తెలుసు.

ఆ ఆరుకు ఒక అర్థం ఉంది. ట్రాన్సిస్టర్‌కు బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్ళుంటాయి. బేస్‌లోకి వెళ్ళే కొద్దిపాటి కరెంటు, కలెక్టర్ గుండా వెళ్ళే పెద్ద కరెంటును అదుపు చేస్తుంది. పన్నెండు వోల్టుల సప్లైలో కలెక్టర్ సగం దగ్గర నిలిస్తేనే సిగ్నల్ పైకీ కిందికీ సమంగా ఊగగలదు. ట్రాన్సిస్టర్‌లో బేస్ వైపు తెగిపోతే కరెంటే సాగదు. కలెక్టర్ దగ్గర పన్నెండుకు పన్నెండూ కనిపిస్తాయి.

ప్రాక్టికల్ పరీక్షకు ముందురోజు సాయంత్రం అన్ని బల్లలూ పరీక్షించి నా పుస్తకంలో రాసుకున్నాను: "నాలుగో బల్ల. ట్రాన్సిస్టర్ పోయింది. వాడరాదు." బల్ల మీద కాగితం కూడా అంటించాను. మర్నాడు నేను పక్కగదిలో వైవా చూస్తూండగా, బల్లలు చాలవని ఎవరో ఆ కాగితం పీకేశారు.

ఆ బల్ల మీద వరసగా ముగ్గురు ఆరు వోల్టులని రాసి వెళ్ళారు. వాళ్ళ తర్వాత వచ్చిన అమ్మాయి పన్నెండు అని రాసింది. బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమెకు సున్నా వేశాడు. ఆ సున్నా నిలిస్తే ఆమెకు ఏడాది పోతుంది. నేను గదిలోకి వచ్చేసరికి ఆయన గొంతే వినిపిస్తోంది.

"ఏంటమ్మా ఇది? అందరికీ ఆరొస్తే నీ ఒక్కదానికే డబల్ ఇచ్చిందా మీటరు?"

"మూడుసార్లు చూశానండి. అదే చూపించిందండి."

"ముప్ఫైసార్లు చూడు. చూడ్డం రావాలి కదా!"

నేను నా పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ట్రాన్సిస్టర్ ఊడదీసి, బేస్‌కూ ఎమిటర్‌కూ మీటరు పెట్టి చూపించాను. తెగిన తీగకు పెట్టినట్టే ఉంది.

"ఇది ఆ ముగ్గురికీ ఆరెలా ఇచ్చిందండీ?" అని అడిగాను.

ఆయన టీ గ్లాసు దించలేదు. "మాస్టారూ, ఈ అమ్మాయికి వేసేస్తాను, సరేనా? వాళ్ళ జోలికి పోకండి. ముగ్గుర్ని పట్టుకుంటే గదంతా పట్టుకోవాలి. నా రైలు పోద్దండి."

సున్నా కొట్టేసి ఆమెకు పాసు మార్కులు వేశాడు. ఆ ముగ్గురి నిండు మార్కులు అలాగే ఉన్నాయి. ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా నేను సంతకం చేయకపోతే మార్కుల షీటు కదలదు. ఆమె ఫలితం కూడా ఆగిపోతుంది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. పెన్ను మూత తీసి మరీ అందించాడు.

చేశాను. కొలిచి రాసినదానికి అత్తెసరు, కొలవనివాళ్ళకు నిండుగా, అడుగున నా సంతకం. ఆ అమ్మాయి పాసైంది.