అరువుల ఆర్చీ

ఆర్చీ పెంగెల్లీ సాధించిన తొలి ఘనవిజయం, నోరీన్ చేత ఒక ఉల్లిపాయ ఇప్పించుకోవడం. నవ్వకండి. బోనీ సరస్సు ఒడ్డున మా చక్రాల ఇళ్ల, అదే క్యారవాన్ల, వరసలో చిట్టచివరిది ఆవిడది. కిటికీ తెర కూడా తీయని మనిషి. రోజుల తరబడి తలుపు కొట్టగా కొట్టగా, చివరికి విసుగెత్తి కిటికీలోంచి ఉల్లిపాయ విసిరింది. అది సరిగ్గా ఆర్చీ నుదుటికి తగిలింది. ఆ బొప్పితో, ఆ ఉల్లిపాయతో మావాడు కప్పు గెలిచినట్టు ఒడ్డంతా తిరిగాడు.

వాడికున్న జబ్బు అదొక్కటే, అరువు. పొద్దు వాలితే ప్రతి తలుపూ కొట్టాల్సిందే. ఉప్పు ముట్టని మెర్వ్ దగ్గర ఉప్పు రాబట్టాడు. పడవ లేకుండానే నా దగ్గర తెడ్డు పట్టుకుపోయాడు.

"తెడ్డెందుకురా నీకు?"

"సూప్ కలపడానికి."

"అంత సూపా!"

"నువ్వూ రా మరి."

మర్నాడు తెడ్డు కడిగి తెచ్చి ఇచ్చాడు. ఈ సరస్సు చుట్టూ వాడిని మించిన అరువుగాడు పుట్టలేదని గట్టిగా చెప్పగలను.

మొన్న జనవరిలో, భూమికి ఈ దక్షిణపు కొసన నడివేసవిలో, ఒక మధ్యాహ్నం పడమటి ఆకాశం మాడిన పెనంలా నల్లబడింది. చూస్తుండగానే గాలి లేచి పందిరిగుడ్డల్ని సరస్సు మీదికి ఎత్తుకుపోయింది. అందరం ఇటుకలతో కట్టిన స్నానాలగదుల్లోకి పరుగెత్తాం. తలలు లెక్కపెట్టుకుంటుంటే ఆర్చీ తడిసి ముద్దై వచ్చాడు.

"నోరీన్ లోపలే ఉంది. మోయడానికి ఇంకొకడు కావాలి. రా, బెర్ట్!" అంటూ నా చెయ్యి పట్టి లాగాడు.

"ఆవిడ కారు లేదుగా, ఊళ్లోకి పోయుంటుంది," అన్నాడు మెర్వ్.

"కారు మరమ్మతుకిచ్చింది. ఇందాక వెనిగర్ అడిగితే 'తలుపు తీసే ఉంది, నువ్వే వచ్చి తీసుకో' అంది. నోరీన్! నన్ను! లోపలికి రమ్మంది! నడుం పట్టేసి మంచం దిగలేకపోతోందిరా."

ఇద్దరం వంగి వంగి వెళ్లి, ఆవిడను మడతకుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకున్నాం.

"మెల్లగా, గాడిదల్లారా! వెనిగర్ కోసమొచ్చి నన్నే పట్టుకుపోతున్నావేంటయ్యా!"

"రేపు తెచ్చి ఇచ్చేస్తాలెండి," అన్నాడు ఆర్చీ రొప్పుతూ.

సగం దూరం వచ్చామో లేదో, వెనక ఫెళ్లుమంది. నోరీన్ క్యారవాన్ చక్రాలు పైకెత్తి తిరగబడింది. ఆవిడ వెనక్కి చూసింది. ఆర్చీ చొక్కా గట్టిగా పట్టుకుంది, అంతే.

తెల్లారాక ఆర్చీ క్యారవాన్ సర్దడానికి వెళ్లాను. అలమర తలుపులు ఊడి అంతా నేలపాలైంది. ఏముందీ అందులో! గోనెడు ఉల్లిపాయలు, వరసగా వెనిగర్ సీసాలు, ఉప్పు పొట్లాలు, రేపరు విప్పని సుత్తి.

"ఇన్ని పెట్టుకుని మా ప్రాణాలెందుకు తీశావురా?"

వాడు చెవి గోక్కున్నాడు. "ఊరికే తలుపు కొట్టి 'బాగున్నారా' అంటే, 'ఆఁ' అని మూసేస్తారు. ఏదన్నా అడిగితే లేచి వెతుకుతారు. ఆ వెతుకులాటలో మనిషెలా ఉన్నాడో తెలిసిపోతుంది."

చలికాలమని ఇప్పుడు ఆర్చీ ఉత్తరాన, వెచ్చగా ఉండే చోట, చెల్లెలి దగ్గరికి వెళ్లాడు. సాయంత్రాలు తలుపులు కొట్టే పని నోరీన్ తీసుకుంది. అందరి మంచీచెడూ కనుక్కుంటోంది, సంతోషమే. కాకపోతే ఆవిడ పట్టుకుపోయింది తిరిగివ్వదు. మెర్వ్ బూట్లు, నా టీ కెటిల్ ఆవిడ దగ్గరే ఉన్నాయి. అడిగితే, "తెచ్చి ఇచ్చే పని ఆర్చీది. వాణ్ని రానీయండి," అంటోంది.

ఆర్చీ వచ్చేది అక్టోబరు మూడో తేదీ.