సుభద్ర తరఫున

ఆక్లండ్ శివారు పాపటోయిటోయిలో సుభద్ర పేరెత్తితే చాలు, "అమ్మో, ఆవిడా! ఆవిడ మాటకి అడ్డొస్తే ఊరుకోదండీ" అంటారు. బ్యాంకులో గానీ, పిల్ల బడిలో గానీ, డాక్టర్ దగ్గర గానీ, పక్కనున్న తెలుగువాళ్ళెవరైనా సాయం చేద్దామని "ఆవిడ చెప్పేదేంటంటే" అని ఇంగ్లీషులో మొదలుపెట్టారో, వాళ్ళ వైపు తిరిగి ఒక్క చూపు చూస్తుంది. పాపం, వాళ్ళకి మాట గొంతులోనే ఆగిపోతుంది. పోనీ ఆవిడ ఇంగ్లీషు గొప్పదా అంటే అదీ కాదు. నిన్న జరిగినదాన్నీ రేపు జరగబోయేదాన్నీ ఒకే క్రియతో నెట్టుకొస్తుంది. అయినా తన మాట తనే చెప్పుకుంటుంది. అర్థమయ్యేదాకా చెబుతుంది. అక్కడి తెలుగు సంఘంలో చాలామంది దీన్ని పొగరంటారు. అలా అనేవాళ్ళలో కొందరికి రాజారావు సంగతి తెలియదు. తెలిసినవాళ్ళు తెలియనట్టు నటిస్తారు.

సుభద్ర మొదటినుంచీ ఇలా లేదు. రేపల్లె నుంచి భర్త నారాయణతో, చంకలో పిల్లతో ఈ దేశం వచ్చిన కొత్తలో నలుగురిలో నోరు విప్పేది కాదు. నారాయణ కంప్యూటర్ ప్రోగ్రామర్. అయితేనేం, ఇక్కడి అనుభవం లేదని మొదట్లో గిడ్డంగిలో పెట్టెలు మోయించారు. తర్వాత సిటీలో చదువుకి తగిన ఉద్యోగం దొరికింది. సుభద్ర ఎయిర్‌పోర్టు దగ్గర, విమానాలకి భోజనాలు పంపే వంటశాలలో ట్రేలు సర్దే పనికి కుదిరింది. ఇంటి బయట మాట్లాడాల్సినవన్నీ నారాయణే మాట్లాడేవాడు. నారాయణ ఊళ్ళో లేకపోతే రాజారావు ఉండనే ఉన్నాడు.

రాజారావుని గురించి చెడ్డగా మొదలుపెట్టడం న్యాయం కాదు. ఆయన ఈ ఊరికి అందరికంటే ముందొచ్చినవాళ్ళలో ఒకడు. కొత్తగా దిగినవాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి తన కార్లో తెచ్చుకునేవాడు. ఫ్లాట్ దొరికేదాకా తన ఇంట్లో పెట్టుకునేవాడు. డ్రైవింగ్ నేర్పేవాడు, వీసా కాగితాలు చూసిపెట్టేవాడు. నారాయణ దంపతులు ఈ దేశంలో మొదటి ముద్ద తిన్నది ఆయన ఇంట్లోనే. సుభద్ర ఆయన్ని 'అన్నయ్య గారూ' అనేది, ఆయన 'చెల్లెమ్మా' అనేవాడు. ఉత్తుత్తి వరస కాదది, రాఖీ కట్టే వరస. ఆయనకున్న బలహీనత ఒక్కటే. సంఘం అధ్యక్షుడు కదా, పెద్దవాళ్ళ పక్కన నిలబడి ఫోటో దిగడమంటే ప్రాణం.

ఆ ఏడాది ఉగాది సంబరాలకి ఏకంగా న్యాయశాఖ మంత్రినే పిలిచాడు. ఆయన వస్తానన్నాడు. ఇక చూడాలి రాజారావు హడావిడి! హాలు మాట్లాడటం, దండలు తెప్పించడం, పిల్లల డాన్సులు. ఉగాది పచ్చడి బాధ్యత నారాయణ మీద పడింది. సంబరాల రోజు, ఆ శనివారం పొద్దున్న మామిడికాయ ముక్కల గిన్నె కారు డిక్కీలో పెడుతూ నారాయణ అలాగే ముందుకి ఒరిగిపోయాడు. అంబులెన్సు వచ్చేసరికే అంతా అయిపోయింది. నలభై కూడా నిండని మనిషి. ఒంట్లో నలతగా ఉందని ఒక్కరోజూ అనలేదు.

ఈ దేశంలో ఆరోగ్యంగా ఉన్న మనిషి ఉన్నట్టుండి పోతే పోలీసులొస్తారు. చావుకి కారణం తేల్చే అధికారి ఒకరుంటారు. ఆయన్ని కరోనర్ అంటారు. కోసి చూడాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. ఇదేదీ సుభద్రకి తెలియదు. ఆవిడ లోపలి గదిలో మంచం మీద ఉంది. సంఘం ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని కదలనివ్వలేదు. మనవాళ్ళలో అది ఆనవాయితీ కదా. భర్త పోయిన మనిషి గుమ్మం దాకా వచ్చి పోలీసులతో మాట్లాడటమేమిటి, అందుకు పెద్దమనుషులు లేరూ? రాజారావు వాకిట్లో ఉన్నాడు. అంతా ఆయనే చూసుకున్నాడు.

శవాన్ని తిరిగిచ్చాక సుభద్ర భర్తకి చివరి స్నానం చేయిస్తానంది. ఒంటికి పసుపు రాసి, కుంకుడురసంతో తల రుద్ది, తన చేత్తో నీళ్ళు పోసి పంపించాలనుకుంది. అంత్యక్రియలు చూసేవాళ్ళు వద్దన్నారు. మెడ కింది నుంచి పొట్ట దాకా కుట్లున్నాయి, తల చుట్టూ కుట్లున్నాయి, నీళ్ళు పోస్తే లోపలికి దిగుతాయి, తడిగుడ్డతో మొహం తుడవండి చాలన్నారు. సుభద్ర మొహం తుడిచింది. అంతే చేయగలిగింది.

రేపల్లె నుంచి అత్తగారు రాజేశ్వరమ్మ ఫోన్ చేసి ఒకటే మాట అడిగింది.

"నా కొడుకుని అట్టా చీరేస్తుంటే నీ నోరు పడిపోయిందా? వద్దని ఒక్క మాట అనలేకపోయావా?"

"నన్నెవరూ అడగలేదత్తయ్యా. ఒట్టు. ఒక్క మాట అడగలేదు."

రాజేశ్వరమ్మ నమ్మలేదు. ఆ తర్వాత కోడలితో మాట్లాడటం మానేసింది. సుభద్ర మాత్రం ఆ మాట పట్టుకునే బతికింది. నన్నడగలేదు. ఈ దేశం వాళ్ళు పెళ్ళాన్ని ఒక మనిషిగా లెక్కచెయ్యలేదు. ట్రేలు సర్దుతూ అదే అనుకునేది, పిల్లకి జడ వేస్తూ అదే అనుకునేది. అత్తగారి ముందు తను తప్పు చేయలేదని చెప్పుకోవడానికి ఆవిడ దగ్గరున్నది ఆ ఒక్క మాటే.

రాజారావు కూడా దాన్నే పట్టుకున్నాడు, వేరే చేత్తో. ఆ ఉగాది సభ ఆగలేదు. ఒక నిమిషం మౌనం పాటించి జరిపించేశారు. మంత్రిగారు కొత్త జైళ్ళ గురించీ, వలస వచ్చేవాళ్ళ నిబంధనల గురించీ మాట్లాడి, చివర్లో ఆ చావు సంగతి తెలిసి సానుభూతి చెబుతూ, శవపరీక్షల చట్టం పాతబడింది, దాన్ని తిరగరాయబోతున్నామని అన్నాడట. రాజారావు చెవులు నిక్కపొడుచుకున్నాయి. పెద్దకర్మ కాగానే వచ్చి కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, నీకు జరిగింది ఇంకో ఆడకూతురికి జరక్కూడదు. ఈ చట్టం మార్పిద్దాం. నువ్వు పక్కన కూర్చో చాలు. మాట్లాడేది నేను చూసుకుంటా."

సుభద్ర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. దేవుడిలాంటి మనిషి అనుకుంది. దండం కూడా పెట్టింది. ఆ దండం ఆయన తీసుకున్నాడు.

ఆ చట్టం బిల్లు పార్లమెంటులోకి వచ్చేసరికి రెండేళ్ళు పట్టింది. ఈ లోపల రాజారావు ఆవిడని ఎన్ని మీటింగులకి తిప్పాడో! 'మా సుభద్ర' అని పరిచయం చేసేవాడు. పేపరువాళ్ళు వచ్చి ఫోటో తీశారు. ఫోటోలో సుభద్ర సగమే పడింది. బిల్లు మీద జనం అభిప్రాయాలు వినడానికి పార్లమెంటు కమిటీ ఆక్లండ్ వచ్చింది. ఒక హోటల్లో విచారణ. సంఘం తరఫున ఇచ్చిన వినతికి ఆయన పెట్టిన మొదటి వాక్యం 'ఈమెని ఎవరూ అడగలేదు' అని.

వీళ్ళ వంతు ఇంకా రాలేదు. రాజారావు అవతల ఎవరో ఎంపీతో చేతులు కలుపుతున్నాడు. సుభద్ర బయట టీ బల్ల దగ్గర నిలబడి ఉంది. నెరిసిన జుట్టు కత్తిరించుకున్న ఒక కివీ ఆవిడ, ఈ దేశపు మనిషి, దగ్గరికొచ్చింది. ఒకప్పుడు పోలీసు, ఇప్పుడు రిటైరై తన అభిప్రాయం చెప్పుకోవడానికి వచ్చింది. నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడింది.

"మీరు నన్ను గుర్తుపట్టరు. ఆ రోజు మీ ఇంటికొచ్చింది నేనే. మీ సంప్రదాయంలో అభ్యంతరం ఉంటుందేమోనని అనుమానం వచ్చింది. భార్య వద్దంటే కరోనర్‌కి చెబుతాను, ఆయన ఆలోచిస్తాడు, మళ్ళీ ఫోన్ వచ్చేదాకా మీలో ఎవరైనా ఇక్కడే ఉండాలి అన్నాను. వాకిట్లో నాతో మాట్లాడినాయన లోపలికెళ్ళి మిమ్మల్ని అడిగి వచ్చారు. మీకు అభ్యంతరం లేదు, త్వరగా అయిపోతే చాలన్నారని చెప్పారు. మిమ్మల్ని స్వయంగా చూడకుండా వెళ్ళానే అని నాకు ఇప్పటికీ బాధే."

"ఎవరు? ఎవరు అడిగి వచ్చారు?"

ఆవిడ రాజారావు వైపు చూపించింది.

సుభద్రకి ఆ పొద్దుటి గది కళ్ళకి కట్టింది. అవును, రాజారావు లోపలికొచ్చాడు. మంచం దగ్గర నిలబడ్డాడు. తన వైపు చూశాడు. చూసి, పక్కనున్న ఆడవాళ్ళతో, "చెల్లెమ్మకి కొంచెం కాఫీ తాగించండమ్మా" అన్నాడు. అని వెళ్ళిపోయాడు. అంత గొడవలో తన కాఫీ సంగతి తలచుకున్న మనిషి అని ఇన్నాళ్ళూ ఎంతమందికి చెప్పుకుందో. సుభద్ర వెళ్ళి ఆయన ఎదుట నిలబడింది.

"అన్నయ్య గారూ, ఆ రోజు పోలీసులు అడిగారంటగా?"

రాజారావు ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళబోయాడు. ఆవిడ కదల్లేదు.

"చెల్లెమ్మా, అప్పుడు నీకు చెప్పే పరిస్థితా అది? స్పృహలో లేవు నువ్వు. ఎట్టాగూ చేసేవాళ్ళే వాళ్ళు. వద్దంటే అక్కడే కూర్చోవాలి, ఫోన్ కోసం చూడాలి. సాయంత్రం మినిస్టర్ గారొస్తున్నారు, హాలు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. నువ్వే చెప్పు, నేనేం చెయ్యను?"

"తాళాలా?" అంది సుభద్ర. "తాళాలు ఎవరి చేతికైనా ఇవ్వచ్చుగా అన్నయ్య గారూ."

ఆయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడీ సంగతి లోపల ఎత్తకమ్మా. మనవాళ్ళ పరువు పోతుంది. చట్టం మంచికేగా వస్తోంది."

నమ్మించి గొంతు కోశాడు. కోసి, ఆ గొంతుతోనే రెండేళ్ళు ఊరేగాడు. సుభద్రకి అన్నిటికంటే దుర్భరంగా తోచింది వేరే ఉంది. అత్తగారికి తను ఒట్టేసి చెప్పింది సగమే నిజం. దేశం అడిగింది. తను తిట్టిపోసిన ఆ పరాయి ఆవిడ అడిగింది. అడగనిది తను దండం పెట్టిన మనిషి. రాజేశ్వరమ్మకి ఇప్పుడు ఏ మొహంతో ఫోన్ చేసి ఏమని చెప్పాలి?

అప్పుడే లోపలికి పిలిచారు.

పొడుగాటి బల్లకి అవతల ఎంపీలు కూర్చున్నారు. రాజారావు చదివాడు. ఈమెని ఎవరూ అడగలేదు, అని చదివాడు. అంత జరిగాక కూడా ఆ వాక్యం చదవగలిగాడు. చదవడం అయ్యాక, మధ్యలో కూర్చున్న కమిటీ అధ్యక్షురాలు, "మీరేమైనా చెబుతారా?" అని సుభద్రని మర్యాదగా అడిగింది. అలా అడిగినవాళ్ళెవరూ జవాబు వస్తుందని అనుకోరు. సుభద్ర లేచి నిలబడింది. వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పింది.

"ఆ కాగితం తప్పు. పోలీసులు అడిగారు. నన్ను కాదు, ఈయన్ని. ఈయన లోపలికొచ్చి నాకు కాఫీ ఇవ్వమన్నాడు. బయటికెళ్ళి, నేను సరేనన్నానని చెప్పాడు. నేను అనలేదు. మీ కొత్త చట్టంలో కుటుంబం తరఫు మనిషికి చెప్పాలని రాశారట. తరఫు మనిషి వద్దు. గదిలోకి రండి. ఏడుస్తూ ఉంటాను, అయినా రండి. నన్ను అడగండి. నా ఇంగ్లీషు బాగోదు. 'నో' అనడం నాకు వచ్చు."

ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా వచ్చింది. మధ్యలో ఏడుపొచ్చింది. 'ఆయన' అన్నచోట 'ఆవిడ' అని పడింది, దిద్దుకుంది. చెప్పడం అయ్యాక కూర్చుంది. ఎంపీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అధ్యక్షురాలు చాలా దయగా తలూపి, రాజారావు వైపు తిరిగింది.

"మిస్టర్ రావు, ఆవిడ చెప్పింది మాకు పూర్తిగా అందలేదు. కొంచెం వివరిస్తారా?"

రాజారావు ఒక్క క్షణం తల వంచుకున్నాడు. ఆ క్షణంలో ఆయన ఏ మాటైనా చెప్పి ఉండవచ్చు. గొంతు సవరించుకున్నాడు.

"ఆవిడ ఇంకా ఆ దుఃఖంలోంచి తేరుకోలేదు. ఆవిడ చెప్పేదేంటంటే, పోలీసులు మా ఆడవాళ్ళ విషయంలో ఇంకాస్త సున్నితంగా ఉండాలని. మా సంఘం కోరుతున్నదీ అదే."

ఎంపీలందరూ తలలూపారు. ఒకాయన రాసుకున్నాడు కూడా. ఎంత చక్కగా చెప్పాడు! ఎంత మెత్తగా, ఎంత మర్యాదగా! ఆ శనివారం పొద్దున్న తను లోపలి గదిలో ఉండగా వాకిట్లో ఆయన ఎలా మాట్లాడి ఉంటాడో టీ బల్ల దగ్గర ఆ సంగతి తెలిసినప్పటినుంచీ ఎంత ఊహించుకున్నా సుభద్రకి అంతు చిక్కలేదు. ఇప్పుడు పక్క కుర్చీలో కూర్చుని స్వయంగా విన్నది.