ఇందుమతి గారి పెరటి కుళాయి

మొన్న సాయంత్రం గరాజ్ తలుపు తెరవగానే కాలమైన్ లోషన్ వాసన ముఖానికి కొట్టింది. సుద్దముక్కనూ పాత ఆసుపత్రి వరండానూ కలిపి నూరినట్లుండే ఆ వాసన ముక్కుకు సోకీ సోకకముందే నా ముంజేతులు రెండూ దురద పెట్టాయి. చర్మం మీద ఏమీ లేదు. అయినా గోళ్లు లేచాయి. ఎదుట నా మనుమరాలు హారిక. స్కూలు క్యాంప్‌కు వెళ్లి వచ్చిన పిల్ల, భుజాన సంచీ దించకుండానే, "అమ్మమ్మా, దగ్గరికి రాకు! నన్ను టచ్ చేయకు. పాయిజన్ ఓక్ వచ్చింది," అని కేక వేసింది. గడపకు అవతల ఆమె, ఇవతల నేను. ఆ మధ్యనున్న రెండడుగుల సిమెంటు నేల మీద నాకు ఇందుమతి గారు నిలబడినట్లే తోచింది.

ఇందుమతి గారు పిల్లల వైద్యురాలు. చాలా ఏళ్ల క్రితమే గుంటూరు నుంచి ఈ దేశానికి వచ్చి, ఫ్రీమాంట్ కొండల కింద స్థిరపడి, నేను ఎరిగే నాటికి ఉద్యోగ విరమణ చేశారు. ఆవిడ కూర్చోగా చూసినవారు అరుదు. కాఫీ నిలబడి తాగేవారు, ఫోన్ నడుస్తూ మాట్లాడేవారు, మనం ఒక మాట పూర్తిచేసేలోగా గదికి ఆ చివర ఉండేవారు. నేనో, తెనాలిలో ప్రబంధాలు బోధించి, మావారి ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినదాన్ని. నా చదువు ఈ ఊళ్లో ఎవరికీ అక్కరలేదు. ఒక్క వినాయక చవితినాడు మాత్రం ఇందుమతి గారి ఇంట్లో తెలుగు కుటుంబాలన్నీ చేరేవి. పత్రపూజ చేయించి, వ్రతకథ చదివే పని నాది. ఏడాదికి ఆ ఒక్క పూట నేను కావలసిన మనిషిని. మిగిలిన ఏడాదంతా ఆ పూటను తలచుకుని గడిపేదాన్నని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ సంవత్సరం పండుగ ఇంకా రెండు రోజులుందనగా, పత్రి కోసం వారి ఇంటి వెనుక వాగు పక్కన ఉన్న కాలిబాటన మావారితో బయలుదేరాను. ఎండకు ఆకులన్నీ అప్పటికే ఎర్రబారుతున్నాయి. ఓక్ చెట్ల నీడలో మాత్రం ఒక పొద పచ్చగా, నూనె రాసినట్లు మెరుస్తూ ఉంది. ఒక్కొక్క తొడిమకు మూడేసి ఆకులు. నా గుండె ఝల్లుమన్నది. ప్రతి ఏటా మారేడు బదులు నిమ్మాకు వేసి, మంత్రం మాత్రం మారేడుకే చదివి, లోలోపల సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు సాక్షాత్తూ త్రిదళం! కొంగు నిండా కోసుకున్నాను. ఆ చేతులతోనే ముఖం మీది చెమట తుడుచుకున్నాను. చిన్నపిల్లలా పరుగున వారి పెరటి గేటు దగ్గరికి వచ్చాను.

"మారేడు దొరికిందండీ డాక్టరు గారూ! ఇన్నాళ్లూ మీ వాగు పక్కనే పెట్టుకుని చెప్పలేదేం?"

ఆవిడ నవ్వుతూ ఎదురు వచ్చి, కొంగు చూసి, ఆగిపోయారు. "అక్కడే ఆగండి. గేటు ముట్టుకోవద్దు. ఆ ఆకులు కింద వదిలేసి, తిన్నగా కుళాయి దగ్గరికి నడవండి."

"ఏమిటండీ, మడి కట్టుకున్న మా మామ్మలా మాట్లాడుతున్నారు?"

"మీ మామ్మ కంటే గట్టి మడి నాది. అది మారేడు కాదు తల్లీ, పాయిజన్ ఓక్! మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్లను చూడలేదూ? ఆ చుట్టమే ఇది. కాకపోతే ఇంకా ముదురు. ముఖం తుడుచుకున్నారా?"

"ఇప్పుడే."

ఆవిడ చన్నీళ్లు వదిలి, గిన్నెలు తోమే సబ్బు నా చేతుల్లో పోసి, జిడ్డు మూకుడు తోమినట్లు తోమమన్నారు. గోళ్ల సందులు, మెడ, చెవుల వెనుక దాకా. చీర విడిపించి తన నైటీ ఇచ్చారు. చేతులకు గ్లవ్స్ వేసుకుని ఆ చీరను వేరుగా వాషింగ్ మెషీన్‌లో వేశారు. మావారు, "ఆ ఆకులు తగలబెట్టేస్తే పోతుంది కదండీ," అన్నారు. "పొరపాటున కూడా వద్దు. ఆ పొగ పీలిస్తే ఊపిరితిత్తులు పొక్కుతాయి," అని ఆవిడ ఆకులన్నీ ప్లాస్టిక్ సంచిలో బిగించి చెత్తలో వేసి వచ్చారు.

కడిగినది కడగగా మిగిలినది నా ముఖం మీద తన పని చేసింది. మరునాటి సాయంత్రానికి ముంజేతుల మీద గీతలు గీసినట్లు ఎర్రని పొక్కులు లేచాయి, ఎడమ కన్ను సగం మూతపడింది. పసుపూ వేపాకూ నూరి పట్టిస్తానంటే ఇందుమతి గారు మండిపడ్డారు. "మీ చెయ్యి ఏమైనా గుమ్మమా పసుపు రాయడానికి? తడిగుడ్డ వేయండి, లోషన్ రాయండి, గోకకండి," అని, కంటి దాకా వచ్చింది కనుక తనకు తెలిసిన డాక్టరు దగ్గరికి స్వయంగా తీసుకువెళ్లి మాత్రలు ఇప్పించారు. గోకకుండా ఉండడమెంత కష్టమో అనుభవించినవారికే తెలుస్తుంది. కూర్చోలేను, నిలబడలేను, ఒక పద్యం మొదలుపెడితే రెండవ పాదానికి చేరలేను.

పండుగనాడు అలాగే వెళ్లాను. మానితే ఏడాది పోతుంది. హాల్లో అడుగుపెట్టగానే ఐటీ ఉద్యోగం చేసే లలిత, మంచి పిల్లే, పరుగున వచ్చి నాకు కాస్త దూరంగా నిలబడింది. "అయ్యో ఆంటీ, ఫేస్ ఏమిటి అలా అయిపోయింది! ఏమీ అనుకోవద్దు, చిన్నపిల్లలున్నారు కదా, కాస్త అటు కూర్చుంటారా? కథ సీడీ ఉంది నా దగ్గర, ప్లే చేసేద్దాం. మీరు హాయిగా రెస్ట్ తీసుకోండి." ఎంత మృదువుగా అన్నది! నా చుట్టూ చాప ఖాళీ అయింది. చెప్పులు వేసుకుని వెళ్లిపోదామని గుమ్మం వైపు తిరిగాను.

వంటింట్లోనుంచి ఉండ్రాళ్ల పళ్లెంతో వచ్చిన ఇందుమతి గారు ఒక్క చూపులో అంతా గ్రహించారు. పళ్లెం దేవుడి ముందు పెట్టి, నా చెయ్యి పట్టుకుని చాప మీద కూర్చోబెట్టి, పక్కనే తాము కూర్చున్నారు. గాజులు వెనక్కు తోసి, తమ ముంజేతిని నా ముంజేతికి ఆనించారు. మణికట్టు నుంచి మోచేతి దాకా, అందరూ చూస్తుండగా.

"లలితా, ఇది అంటురోగం కాదు. అంటేది ఆకు మీది నూనె. అది మొన్ననే నా కుళాయి కింద పోయింది. ఈ పొక్కుల నీరు నాకు పూసినా నాకేం కాదు."

"కానీ ఆంటీ, పిల్లలు..."

"జీవితమంతా పిల్లల్నే చూశానమ్మా. ఆ పుస్తకం ఇటు ఇవ్వు. పంతులమ్మ గారూ, మీరు చదవండి, పేజీలు నేను తిప్పుతా."

ఒంటికన్నుతో చదివాను. కథ ముగిసేవరకు ఆవిడ లేవలేదు. మోకాలు మాత్రం ఆగకుండా ఊగుతూనే ఉంది. చివర అక్షతలకు లలిత తల వంచింది. నా వేళ్లు ఆమె జుట్టుకు తగలకుండా పైనుంచి విడిచాను. అది ఇందుమతి గారు చూశారు.

ఆ తరువాత ఆవిడ వెంట చాలా ఉదయాలు నడిచాను. పొడుగు చేతుల చొక్కా, మేజోళ్లు, బాట నడుమనే నడక, ఇంటికి చేరగానే కుళాయి: అదే ఆవిడ మడి. ఒకనాడు అడిగాను, ఆనాడు అంతసేపు ఎలా కూర్చోగలిగారని. ఆవిడ నడక తగ్గించకుండానే చెప్పారు: "చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే మా మామ్మ గుమ్మం అవతల నిలబడి ఏడ్చేది, మడి చెడుతుందని ముట్టుకునేది కాదు. నేనంటే ప్రాణం ఆవిడకి. అందుకే డాక్టర్నయ్యానేమో, అందరినీ ముట్టుకోవచ్చని." కొంత దూరం పోయాక, "ఆకుకు పెట్టవలసిన నియమం మనవాళ్లు మనుషులకు పెట్టారు," అన్నారు. నాకు మా పుట్టింటి వీధి అరుగు గుర్తుకు వచ్చింది. ఆ అరుగు కిందనే ఆగి, దోసిలి పట్టి నిలిచిన చేతులు, వాటిలోకి ఎత్తునుంచి పడిన నీళ్లు. అక్షతలు విడిచిన నా వేళ్లకు ఆ ఎత్తు ఎక్కడిదో అప్పుడు తెలిసింది. నా పొక్కులు మానాయి గాని ఆ ఆలోచన మానలేదు. ఇందుమతి గారు పోయి కొన్నేళ్లయింది. ఆ ఇల్లు ఇప్పుడు మరెవరిదో.

"కడుక్కున్నావా?" అని అడిగాను హారికను.

"క్యాంప్‌లోనే, డిష్ సోప్‌తో. బట్టలు సెపరేట్ బ్యాగ్‌లో కట్టేశా."

"బూట్ల లేసులు?"

"ఓ నో!"

"విప్పి అక్కడే పెట్టు. చేతులు మళ్లీ కడుక్కో."

కడుక్కుని వచ్చి మళ్లీ అక్కడే, గడపకు అవతలే నిలబడింది, చేతులు ఒంటికి దూరంగా పట్టుకుని. నేను గడప దాటాను. గాజులు వెనక్కు తోసి నా ముంజేతిని ఆమె ముంజేతికి ఆనించాను. చర్మం వేడిగా, గరుకుగా ఉంది.

"అమ్మమ్మా, వద్దు..."

ఆ చెయ్యి మొదట కొయ్యలా బిగుసుకుంది. కాసేపటికి, దాని బరువంతా నా మీదికి వచ్చింది.