మా వాకిట్లో ఎదురింటి కాయలు

మోటారు సైకిలు చప్పుడు మా వీధి మలుపు దగ్గర నెమ్మదిస్తే చాలు, ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. పోలీసులకు భయపడే పని మేమేమీ చేయలేదు. అప్పులవాళ్లు వాకిట్లో కూర్చునే ఇల్లూ కాదు. నా భయమంతా ఆదాయం విచారణకు వచ్చే మనిషి గురించి. మాకు ఎంత వస్తుందో మాకే సరిగ్గా తెలియదు. దాన్ని ఎవరో వచ్చి, ఇంటిని ఒకసారి పైనుంచి కిందికి చూసి తేలుస్తారంటే భయపడక ఏం చేస్తాను?

మాది ప్రత్తిపాడు దాటాక రోడ్డు పక్క ఊరు. మా ఆయన పరుపులు కుడతాడు. తాతల కాలం నుంచీ దూది ఏకే ఇల్లు వాళ్లది. పెళ్లిళ్ల నెలల్లో చేతినిండా పని ఉంటుంది, మిగతా రోజుల్లో ఎవరింట్లోనైనా పాత పరుపు గడ్డకడితే కబురొస్తుంది. నేను జాకెట్లు కుడతాను, మిరపకోతలప్పుడు కూలికి వెళతాను. నెలకు ఎంత వస్తుందని ఎవరైనా అడిగితే, ఏ నెలకు అని ఎదురు అడగాల్సిన బతుకు మాది.

అప్పుడు మా పాపకు నాలుగో ఏడు నడుస్తోంది. ఇంట్లో అమ్మ, నీళ్లు, పో అనేది. అంతే. ఆ ‘పో’ కూడా కోళ్లతోనే. గుంటూరులో పెద్ద డాక్టరుకు చూపించాం. చెవులు బాగానే ఉన్నాయి, మాటలు ఆలస్యమవుతున్నాయి, తొందరగా నేర్పేవాళ్ల దగ్గర పెట్టండి, ఐదేళ్లు దాటనిస్తే కష్టం అన్నాడు. అంగన్‌వాడీకి పంపుతూనే ఉన్నాం. అక్కడి టీచరమ్మ మంచిదే, కానీ అంతమంది పిల్లలకు అన్నం పెట్టడానికే ఆమె పొద్దు చాలదు. ఒకరోజు పాప గుడ్డు కావాలని అడగబోయింది. మాట వంకర పోయింది. పక్క పిల్లలు నవ్వారు. చిన్నపిల్లలు, వాళ్లకేం తెలుసు? ఆ రోజు నుంచి నా బిడ్డ ఆ గుమ్మం లోపల నోరు విప్పలేదు. ఇంట్లో కూడా చాలా రోజులు ‘నీళ్లు’ అనడం మానేసి గ్లాసు చూపించేది. ఉన్న ఆ కాస్త మాట కూడా పోతుందేమోనని నేను పడిన భయం పగవాళ్లకు కూడా వద్దు.

ఆ సంవత్సరమే మండలంలోని సర్కారు బడిలో చిన్నపిల్లల తరగతి పెట్టారు. మాటలు ఆలస్యమైన పిల్లలకు విడిగా నేర్పే టీచరు వస్తుందని అంగన్‌వాడీ టీచరమ్మే చెప్పింది. సర్కారు బడి అంటే అన్నీ ఉచితమే అనుకున్నాను. కాదట. ఆదాయం వాళ్లు పెట్టిన గీతకు లోపల ఉంటే బస్సు, భోజనం, పుస్తకాలు అన్నీ ఉచితం. గీత దాటితే సీటు ఇస్తారు గానీ నెలనెలా కట్టాలి. ఆ కట్టేది మా ఆయన కుట్టే పరుపుల మీద వచ్చేదాంట్లో సగానికి సగం. మేం గీతకు లోపలే ఉన్నాం, అందులో నాకు అనుమానం లేదు. అయితే ఉన్నామని నేనంటే చాలదు కదా. గ్రామ సచివాలయం నుంచి మనిషి వచ్చి ఇల్లు చూసి రాయాలి.

వస్తారని కబురు తెలిసిన దగ్గర్నుంచి ఊళ్లో ప్రతివాళ్లూ సలహాలే. ఫ్రిజ్ కనపడితే పోయినట్టే అని ఒకరు. చెవులకు బంగారం ఉంచుకోకు అని ఒకరు. గోడకు రంగు కొత్తగా ఉందే, కాస్త పేడనీళ్లు చల్లరాదూ అని ఇంకొకామె. మా ఫ్రిజ్ ఎవరో పాతదని అమ్మేస్తుంటే కొన్నది. తలుపుకు తాడు కట్టి వాడుతున్నాం. అయినా ఫ్రిజ్ ఫ్రిజ్జే కదా. మా ఆయన దాన్ని మూలకు నెట్టి, చుట్టూ పరుపులు నిలబెట్టి, పైన రెండు బొంతలు పరిచాడు. ఏకుడు పనివాడి ఇంట్లో పరుపుల గుట్ట ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది? తన తెలివికి తానే మురిసిపోయి, నన్ను దూరంగా నిలబడి చూడమన్నాడు. నా కమ్మలు తీసి బియ్యం డబ్బాలో దాచాను. టీవీ మా ఆడపడుచు ఇంటికి పోయింది.

ఇంత చేసినవాళ్లం వాకిలి సంగతి ఆలోచించలేదు.

మా ఇల్లు రేకుల ఇల్లే గానీ, ముందు స్థలం బాగా ఉంది. అత్తగారి కాలంలో దూది ఆరబోసుకోవడానికి గట్టిగా అలికి పెట్టిన నేల. ఎదురింటివాళ్లు కౌలుకు మిర్చి వేస్తారు. కాయలు ఆరబోయడానికి వాళ్లకు కల్లం చాలదు. ఏటా వాళ్ల కాయలు మా వాకిట్లో ఎండుతాయి. దానికి అద్దె లేదు, అడగడం లేదు. సీజను అయ్యాక రంగు పోయి అమ్ముడుపోని తాలుకాయలు ఒక గంపెడు మా గుమ్మంలో పెట్టి వెళతారు, ఏడాదికి సరిపడా కారం మాకు. మా ఊళ్లో ఇది మామూలు. ఎవరి వాకిట్లో ఎవరి కాయలున్నాయని ఎవరూ చూడరు. గడప నుంచి వీధి దాకా ఎర్రగా పరుచుకుని ఉన్నా, అది మా కంటికి ఆనదు. నడవడానికి మధ్యలో దారి వదిలారా లేదా అనేదే చూసుకుంటాం.

కాపలా మాత్రం పాపది. కోళ్లు తొక్కకుండా, మేకలు రాకుండా చూడమని ఎదురింటి అక్క చిన్న కర్ర ఇచ్చింది. ఆ ఘాటుకు తుమ్ముకుంటూ, కళ్లు నలుపుకుంటూ, పొద్దస్తమానం నీడలో కూర్చునేది. ఏ పని చేసినా అంత శ్రద్ధగా చేయడం నేను చూడలేదు.

సచివాలయం అబ్బాయి పొద్దెక్కాక వచ్చాడు. కుర్రవాడే, మర్యాదగానే ఉన్నాడు. లోపలికి రమ్మన్నాం. రేకుల వంక చూశాడు, పొయ్యి చూశాడు, కరెంటు బిల్లు అడిగాడు. ఇంతలో పరుపుల అడుగు నుంచి సన్నగా నీళ్లు రావడం నాకు కనిపించింది. ఫ్రిజ్ ఆపేశాం గానీ లోపల మంచు ఉంటుందని గుర్తు లేదు. ఆ నీటి చార అతని చెప్పుల వైపే వస్తోంది. మా ఆయన దాని మీద కాలు పెట్టి నిలబడి, పరుపుల్లో ఏ దూది మంచిదో అతనికి చెప్పడం మొదలుపెట్టాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అతను నీళ్లు చూడలేదు. గుమ్మం బయటికి వచ్చి, చెప్పులు వేసుకుంటూ వాకిలి చూశాడు.

“పంట బాగా వచ్చిందే. ఎంత వేశారండీ?” అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ కాయలు మావనుకుంటున్నాడు.

“మాయి కాదు సార్,” అన్నాడు మా ఆయన. “మాకు సెంటు భూమి లేదు. ఎదురింటోళ్లవి, ఆరబోసుకున్నారు.”

“అందరూ అదే చెప్తారండి,” అన్నాడు అతను. కోపంగా అనలేదు, అలసిపోయి అన్నాడు. అని, కాయల్లోకి ఒక అడుగు వేసి, చేత్తో నాలుగు కాయలు తీసి చూడబోయాడు.

పాప కర్ర పట్టుకుని లేచింది. నేరుగా అతని ముందుకు వచ్చి నిలబడింది.

“మా కాయలు,” అంది. “పో.”

నేను విన్నాను. మా ఆయన విన్నాడు. ‘మా కాయలు.’ రెండు మాటలు కలిపి, తడబడకుండా, ఎవరో తెలియని మగమనిషి మొహం మీద. నా బిడ్డ నోట అలాంటిది అంతవరకు నేను వినలేదు. నాకు కలిగింది సంతోషమో భయమో ఇప్పటికీ విడదీయలేను, రెండూ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

అతను కాగితం తిరగేశాడు. “పాపకి మాటలు రావని రాశారేంటమ్మా?”

“ఇప్పుడే వచ్చినయి సార్,” అన్నాను. నిజమే చెప్పాను గానీ, నా చెవికే అది దొంగమాటలా వినిపించింది.

అతను కాగితం మళ్లీ చూశాడు. చెడ్డవాడు కాదు. “చూడండి, కళ్లముందు ఇంత సరుకు పెట్టుకుని లేదని రాయమంటే రేపు నన్నడుగుతారు. కాయలు ఎవరివో వాళ్లని వచ్చి ఒక మాట చెప్పమనండి. అట్లాగే రాసుకుంటా,” అన్నాడు.

ఎదురింటి అక్క వాళ్ల గుమ్మంలోనే ఉంది, అంతా వింటూనే ఉంది. భర్త మిర్చి యార్డుకు వెళ్లాడు. నేను ఆమె వంక చూశాను. ఆమె నా వంక చూసింది. సర్కారు మనిషి చేతిలో కాగితం, కలం. పేరు రాసుకుంటే ఏ కార్డు పోతుందో, ఏ పింఛను ఆగుతుందో ఎవరికి తెలుసు? ఇంట్లో మంచాన పడిన అత్తగారు ఉంది ఆమెకు. పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసింది. నాకు కోపం రాలేదు. నేనైనా అదే చేసి ఉండేదాన్ని.

“మీరు చెప్పండమ్మా,” అన్నాడతను నాతో. “మీవా, కాదా?”

“చెప్పవే, కాదని చెప్పు,” అన్నాడు మా ఆయన.

పాప వచ్చి నా కుచ్చిళ్లు పట్టుకుంది. తల ఎత్తి నా మొహంలోకి చూస్తోంది. తను సరిగ్గా అన్నానా లేదా అని అడుగుతున్న చూపు అది. గుడ్డు అడిగిన రోజు పిల్లలు నవ్వాక, ఇంటికొచ్చి ఇలాగే నన్ను చూసింది. నేను కాదంటే, ఆ పిల్లకు తెలియదులే సార్ అని నవ్వి తీసిపారేస్తే, ఈ నోరు మళ్లీ ఎప్పుడు తెరుచుకుంటుంది? ఆ బడి కావాలన్నది దేనికి? ఈ మాట కోసమే కదా.

“మావేనండి,” అన్నాను.

అతను నన్ను ఒకసారి చూశాడు. రాసుకుని, వాకిలికి ఒక ఫొటో తీసుకుని, కాయలు తొక్కకుండా మధ్య దారిలో నడిచి వెళ్లిపోయాడు. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

ఎదురింటివాళ్ల కార్డు పోకూడదని అలా చెప్పానని ఊళ్లో అనుకున్నారు. నాకు మంచిపేరు కూడా వచ్చింది. అది నిజం కాదు. ఆ క్షణంలో వాళ్లు నాకు గుర్తే లేరు.

మా ఆయన గుమ్మంలో కూలబడ్డాడు. “ఎందుకట్టా చెప్పావే? నెలనెలా ఎక్కణ్ణుంచి తెస్తాం?” అన్నాడు.

“అది మాట్లాడింది గదయ్యా,” అన్నాను.

వెనక ఇంట్లో నీళ్లు గడప దాకా వచ్చాయి, ఇద్దరం చూస్తూనే ఉన్నాం గానీ లేవలేదు. గీత దాటినవాళ్ల కింద మా పేరు రాస్తారు. బస్సుకు కట్టాలి, అన్నానికి కట్టాలి. రేపు ఆ కాగితం చూసి బియ్యం కార్డు కూడా తీసేస్తే? తప్పు చేశానేమో, పరిగెత్తి ఆ అబ్బాయిని వెనక్కి పిలవాలేమో అనిపిస్తూనే ఉంది.

పాప తిరిగి నీడలోకి వెళ్లి కర్ర పట్టుకుని కూర్చుంది. మా ఆయన దాన్ని చాలాసేపు చూశాడు.

“ఎవరియమ్మా ఆ కాయలు?” అన్నాడు నెమ్మదిగా.

“మా కాయలు.”

“ఎవరియి?”

“మా కాయలు,” అంది, ఈసారి ఇంకా గట్టిగా.

అలా పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉన్నాడు. వచ్చే నెల డబ్బు ఎక్కడిదో ఇద్దరికీ తెలియదు. అయినా అతను కాస్త ఆగితే, ఇంకొకసారి అడగవయ్యా అని నేనే అన్నాను.